పిల్లికి ముందు, అత్తకు తర్వాత

సూది వేయడం నాకు వచ్చినంత బాగా మా లైనులో ఇంకెవరికీ రాదు. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, గొప్పే మరి. తోక తొక్కితే చెయ్యి చీరేసే మగపిల్లికి రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేసి, ఒంటి మీద ఒక్క గీత పడకుండా బతికినదాన్ని. ఇప్పుడు చెప్తే సరదాగా వింటున్నారు గానీ, అరవైల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఈ సంగతి విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మనుషులకు వేసే మందు పిల్లికేమిటని వర్క్‌షాపులో మా ఆయన్ని ఆటపట్టించారట. ఇంటికొచ్చి నాతో మొరపెట్టుకున్నాడు. వాళ్ల ఇళ్లలో కూడా మా అత్తలాంటి అత్త ఉంటే తెలిసేది, అన్నాను.

మా అత్త సంగతి ముందు చెప్పాలి. ఎందుకంటే ఈ గొడవంతా చివరికి ఆవిడ పాదం దగ్గరే తేలింది.

మాది నిమ్‌పురా వైపు క్వార్టర్. మా ఆయన వర్క్‌షాపు టూల్ రూములో ఫిట్టరు. ఇంట్లో మేమిద్దరం, అత్త, అత్త పిల్లి. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లికూతురిగా ఈ ఊరొచ్చిన నాడు అత్తకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదట. నేను కాపురానికి వచ్చేసరికి చేపలవాడితో బెంగాలీలో బేరమాడేది, రిక్షావాడితో హిందీలో దెబ్బలాడేది. తిట్టడం మాత్రం తెలుగులోనే, అందులో పెద్ద వాటా నాది. పిల్లికి ఒక్క తిట్టు కూడా రాలేదు. ఎర్రమచ్చల పిల్లి, దిండంత లావు. ఇంట్లో చేప వండితే మెత్తని ముక్క ఎవరికి పడుతుందో నేను చెప్పక్కర్లేదు.

అత్తకి చక్కెర జబ్బు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది పడాలి. రైల్వే ఆసుపత్రికి నడిచి వెళ్లి, అక్కడ కట్లు కట్టే డ్రెస్సర్ చేత వేయించుకుని వచ్చేది. అలా నడవగా నడవగా మడమ మీద చెప్పు ఒరుసుకుని పుండు పడింది. ఎంతకీ మానదు. డాక్టరు మా ఆయన్ని పిలిపించి, ఈ నడక ఆపితే గానీ పుండు మానదు, సూది ఆపితే పాదమే తీసేయాల్సి వస్తుంది, ఇంట్లో ఎవరైనా సూది నేర్చుకోండి అని గట్టిగా చెప్పాడు. నేను నేర్చుకున్నాను. డ్రెస్సర్ పక్కన నిలబడి, నారింజపండుకి పొడిచి పొడిచి చెయ్యి కుదుర్చుకున్నాను. తీరా ఇంటికొచ్చి సిరంజి పట్టుకునేసరికి అత్త చీర కొంగు చుట్టూ బిగించేసుకుంది.

"కోడలు అత్తని పొడిసిందంటారు లైనంతా. నానొప్పుకోను," అంది.

అసలు సంగతి అది కాదు, భయం. డ్రెస్సర్ తెల్లకోటు వేసుకుంటాడు, ఆ కోటు ముందు నోరెత్తలేక చెయ్యి ఇచ్చేసేది. నా ముందు నోరెత్తడానికి ఆవిడకేం అడ్డం? వాన పడితే సూది ఎగ్గొట్టేది, మోకాలు నొప్పంటే ఎగ్గొట్టేది. మిగతా రోజుల్లో ఆ పుండు కాలితోనే కర్ర పట్టుకుని బయల్దేరేది. మా ఆయన బతిమాలేవాడు. నేను బతిమాలే రకం కాదు, దెబ్బలాడేదాన్ని. రెండూ ఆవిడ చెవిన పడేవి కావు.

మిఠాయి ముట్టొద్దన్నా వినలేదు. బియ్యం డబ్బాలో సందేశ్ దాచుకుని మధ్యాహ్నం పెరట్లో కూర్చుని తినేది. తెల్లగా మెత్తగా ఉండే ఆ పాలమిఠాయి పిల్లికీ ప్రాణం. అది ఒక ముక్క, ఆవిడ ఒక ముక్క. దొంగలిద్దరూ మూతులు తుడుచుకుని లోపలికి వచ్చేవాళ్లు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నానని మాత్రం అనుకోకండి. చూశాను, అరిచాను, డబ్బా మార్చాను. ఆవిడ మళ్లీ కనిపెట్టింది.

ఆ చలికాలం పెరట్లో పిల్లి ఉచ్చ పోసే మూలన చీమలు బారులు కట్టాయి. అత్త జబ్బు కూడా మొదట చీమలే పట్టించాయి. అప్పటినుంచీ పిల్లిని కనిపెట్టి చూశాను. బకెట్లకి బకెట్లు నీళ్లు తాగుతోంది. ఎంత తిన్నా వెన్నుపూస తేలిపోతోంది. గోడ ఎక్కబోయి జారిపోయింది. అన్నిటికంటే నడక మారింది. పిల్లులు మునివేళ్ల మీద నడుస్తాయి కదా, ఇది వెనక కాళ్లు మడమల దాకా నేలకి ఆనించి ఈడ్చుకుంటూ వస్తోంది. పిల్లికి చక్కెర జబ్బేమిటని మా ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, నేను చూస్తున్నానన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. "నా రోగం దీనికి అంటించేసినానే," అంది. అంటుకునే జబ్బు కాదత్తా అని ఎంత చెప్పినా వినలేదు.

వెదురు బుట్టలో పెట్టుకుని, రిక్షా ఎక్కి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ బెంగాలీ డాక్టరు. రోజంతా ఆవుల్నీ గేదెల్నీ చూసే మనిషి బుట్టలో పిల్లిని చూసి ముచ్చటపడ్డాడు. దాని మూత్రంలో నీలం మందు పోసి కాచాడు. అది ఇటుకరంగుకి తిరిగింది, చక్కెర ఉందన్నమాట. పిల్లికి ఇన్సులిన్ ఇంతవరకూ వేయించలేదు గానీ వేయవచ్చు బౌదీ (వాళ్ల భాషలో వదినా అని), కానీ రోజూ రెండు పూటలా మీరే వేయాలి, వేయగలరా అని అడిగాడు. సూది నాకు వచ్చు అన్నాను ధీమాగా. పొడవడం అందరికీ వచ్చు, పొడిచినట్టు పిల్లికి తెలియకూడదు, ఒక్కసారి నొప్పి పుట్టిందా రేపటినుంచి మీకు దొరకదు, అన్నాడు. ఆ మాట నన్ను రెచ్చగొట్టింది. నాకు ఎవరైనా నువ్వు చేయలేవేమో అంటే ఇంక ఆగను.

మొదటి సంగతి సూది మొన. ఆ రోజుల్లో ఇప్పటిలా వాడి పారేసే సూదులు లేవు. గాజు సిరంజి, ఇనుప సూది, మరగబెట్టడం, మళ్లీ వాడటం. వాడగా వాడగా మొన మొద్దుబారిపోతుంది. మొద్దు సూదే నొప్పి. మా ఆయన టూల్ రూము మనిషి కదా, ఆదివారం కూర్చుని సన్నటి నూనెరాయి మీద సూది మొన పదును పెట్టేవాడు. పెట్టి, దూది మీద గీసి చూసేవాడు. ఒక్క పోగు చిక్కుకున్నా మొనకి కొక్కెం ఉన్నట్టే, మళ్లీ రాయి మీదికే. వర్క్‌షాపులో ఆటపట్టించినప్పుడు సిగ్గుపడ్డ మనిషి, ఈ పనికి మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని కూర్చునేవాడు. పిల్లి సిరంజి వేరు, సూది వేరు, మరగబెట్టే గిన్నె వేరు. మందు మలంచా రోడ్డు మీది మందుల షాపులో కొనేవాళ్లం. ఐసుపెట్టె ఎక్కడిది మాకు? తడి ఇసకలో ఒక చిన్న కుండ, కుండలో తడిగుడ్డ చుట్టిన సీసా.

ఇంక చెయ్యి సంగతి. సీసాని ఊపకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. మందు చల్లగా పడితే చురుక్కుమంటుంది కాబట్టి, ఎక్కించిన సిరంజిని కాసేపు గుప్పిట్లో ఉంచుకోవాలి. పిల్లిని వెంటపడి పట్టుకోకూడదు, నొక్కిపెట్టకూడదు. తిండి ముందు పెట్టాలి. అది తినడం మన కళ్లతో చూడాలి. సగం పైన తిన్నాక, తల గిన్నెలో ఉండగానే, భుజాల వెనక వదులుగా ఉండే తోలు రెండు వేళ్లతో గుడారంలా ఎత్తి, బొచ్చు వాలిన వైపుగా సూది దించి, మందు వదిలి తీసేయాలి. తీశాక అదే చోట వేలితో గోకాలి. మందు వేసే రోజుకి ముందు ఒక వారం ఊరికే తోలు ఎత్తి గోకడమే చేశాను. పిల్లికి అది భోజనంలో భాగమైపోయింది. అసలు సూది పడిన నాడు అది చెవి కూడా కదపలేదు. నేను లేచి నిలబడి మా ఆయనకేసి, అత్తకేసి చూశాను. ఎవరూ శభాష్ అనకపోతే నేనే అనుకున్నాను.

పొద్దున వర్క్‌షాపు సైరను, సాయంత్రం సైరను, అవే మా గడియారం. కొద్ది రోజులకే సైరను కూయగానే పిల్లి ఎక్కడున్నా వచ్చి వంటింటి గడప పక్కన కూర్చునేది. నెలలు తిరిగేసరికి నీళ్లు తగ్గాయి, ఒళ్లు వచ్చింది, మడమలు నేలనుంచి లేచాయి. అత్త రోజూ గుమ్మానికి ఆనుకుని చూసేది. చూసి, తర్వాత కర్ర తీసుకుని ఆసుపత్రికి ఈడ్చుకుంటూ బయల్దేరేది. పిల్లి నడక బాగుపడుతోంది, ఆవిడ నడక పాడైపోతోంది. నాకు ఒళ్లు మండేది. ఇంత కుదిరిన చెయ్యి ఇంట్లో పెట్టుకుని పుండు కాలితో ఊరు దాటడం ఏమిటి?

ఒక సాయంత్రం పిల్లి తిని, సూది వేయించుకుని, పెరట్లోకి పోయి తిన్నదంతా కక్కేసింది. నేను చూడలేదు. కాసేపటికి తాగినదానిలా తూలుతూ వచ్చింది. గడ్డం వణుకుతోంది, చూపు ఎటో ఉంది, వెనక కాళ్లు కూలబడ్డాయి. ఇలా అయితే ఏం చేయాలో డాక్టరు ముందే చెప్పాడు. పంచదార నీళ్లు వేలికి రాసుకుని దాని చిగుళ్ల మీద రుద్దాను. గొంతులో పోయకూడదు, మింగలేకపోతే ఊపిరాడదు. రుద్దగా రుద్దగా నాలుక కదిలింది, తర్వాత మింగింది, కాసేపటికి లేచి చేప కోసం నా మీద అరిచింది. అత్త గుమ్మం పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది. అలాగెందుకయ్యిందే అని అడిగింది.

"కడుపులో తిండి నేకుండా మందు పనిచేత్తే అంతే అత్తా. పిల్లికైనా నీకైనా ఒకటే," అన్నాను.

ఊఁ అంది. అది ఒప్పుకున్న ఊఁ కాదని వేసవిలో తెలిసింది.

వేసవిలో మా తెలుగువాళ్ల అమ్మవారి పండుగ. డప్పులతో, వేపాకులు కట్టిన ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు లైన్ల వెంట నడిచి గుడికి వెళ్తారు. పిల్లి బతికితే ఉపవాసముండి, వట్టి కాళ్లతో ఘటమెత్తుతానని అత్త మొక్కుకుందట. ఆ పుండు కాలితో ఎండలో వట్టి కాళ్లా అని నేను గొడవ పెట్టుకున్నాను. మొక్కు మొక్కే అంది. సరే, సూది వేయించుకో, రెండు రొట్టెలు మాత్రం తిను అన్నాను. తింటాను, ఎవరికీ చెప్పకు అంది. ఆ రోజు మా ఆయన పొద్దున్నే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తిన్నావా అని డ్రెస్సర్ అడిగితే తిన్నానంది. సూది పడింది. ఆవిడ కోసం చేసిన రొట్టెలు కొంగులో పెట్టుకుపోయి ఆవుకి పెట్టేసిందని నాకు తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం ఊరేగింపు. ముందు అత్త, ఘటం. వెనక నేను, అమ్మవారి నైవేద్యానికి బెల్లం పానకం బిందె. డప్పులు చెవులు పగలగొడుతున్నాయి. గుడి ఇంకా దూరం ఉండగానే అత్త ఆగిపోయింది. తూలింది. పక్కనున్న ఆవిడ ఘటం అందుకుంది. అత్త తల అటూ ఇటూ ఊపుతూ, ముక్కకీ ముక్కకీ సంబంధం లేకుండా ఏదో గొణుగుతోంది. అమ్మోరొచ్చింది, అమ్మోరొచ్చింది అని కేక. డప్పులు ఇంకా ఎక్కువయ్యాయి. నుదుటినిండా బొట్టు పెట్టారు, కర్పూరం వెలిగించారు, కాళ్ల మీద పడ్డారు. ఒకావిడ తన కొడుకు ఉద్యోగం పర్మనెంటు అవుతుందా తల్లీ అని అడిగింది. అత్త ఏదో గొణిగితే, అవుతుందన్నాదని మురిసిపోయింది.

నేనూ దండం పెట్టాను. అబద్ధం చెప్పను, నాకూ భక్తి ఉంది, ముందు నేనూ నమ్మాను. తలెత్తి చూసేసరికి అత్త గడ్డం వణుకుతోంది. ఆ వణుకు నాకు తెలుసు. చూపు ఎటో ఉంది, ఆ చూపూ తెలుసు. బిందె దించి మెడ మీద చెయ్యి వేశాను. అంత ఎండలో ఒళ్లు మంచులా చల్లగా, చెమటతో కారిపోతోంది. మోకాళ్లు వంగిపోతున్నాయి. తినలేదని అర్థమైపోయింది. ఎంత కోపం వచ్చిందో, అంత భయం వేసింది. ఆవిడ పోతుందేమోనని నిజంగా భయం వేసింది. అప్పుడే తెలిసింది, రోజూ తిట్టే ఈ మనిషి లేకపోతే నాకు ఆ ఇంట్లో ఏమీ తోచదని.

కింద కూర్చోబెట్టి తల నా భుజానికి ఆనించుకున్నాను. పంచదార కోసం ఎక్కడికి పరిగెత్తను? పానకం బిందె మూత తీసి చెయ్యి ముంచాను. లైనులో అందరికంటే పెద్దావిడ నా మణికట్టు పట్టేసుకుంది.

"అమ్మోరికి సూపించని పానకం అది. ఎంగిలి సేత్తావేటి?" అంది.

"అమ్మోరొచ్చిందని మీరే కదా అంటన్నారు," అన్నాను. "అమ్మోరి పానకం అమ్మోరికే పడతన్నాను. సెయ్యి వదులు పిన్నీ."

ఆవిడ చెయ్యి వదిలేసింది. వేలితో పానకం చిగుళ్లకి రుద్దాను. రుద్దాను, ఆగాను, మళ్లీ రుద్దాను. పిల్లికి చేసినట్టే. డప్పులవాళ్లు ఏం చేయాలో తెలియక వాయిస్తూనే ఉన్నారు. అత్త నాలుక కదిలింది. గుటక వేసింది. అప్పుడు చిన్న గ్లాసుతో కొంచెం కొంచెంగా పట్టాను. తల్లి తాగుతంది, తల్లి తాగుతంది అని చుట్టూ దండాలు. కొంతసేపటికి అత్త కళ్లు నా మీద నిలిచాయి. చుట్టూ చూసి, తడి గడ్డం కొంగుతో తుడుచుకుని, ఘటమేదే అని అడిగింది. ఆ మాట వినగానే నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే తిట్టాను.

ఆ సాయంత్రం ఇంట్లో మంచం మీద పడుకుని ఉంది, పొట్ట మీద పిల్లి. లైనులో వాళ్లు వచ్చి అమ్మవారు ఎంత ఇష్టంగా పానకం తాగిందో చెప్పి వెళ్లారు. అందరూ వెళ్లాక నన్ను పిలిచింది. నిజం సెప్పు గుంటా, అమ్మోరు రానేదా, అంది. ముఖం చిన్నబోయి ఉంది. అమ్మవారి సంగతి నాకు తెలియదు, నీ కడుపు మాత్రం ఖాళీ, అన్నాను. ఆ రోజు పిల్లికి ఏమయిందో నీకూ అదే అయింది, నేను దాని దగ్గర నేర్చుకోకపోయి ఉంటే ఈపాటికి నిన్ను ఇంకోలా తీసుకొచ్చేవాళ్లం. ఆవిడ పిల్లి వీపు నిమిరింది. తర్వాత, దాని సూది వేళయింది చూడు అంది.

పాదం ఏమయిందని మీరు అడగకముందే చెప్పేస్తున్నాను. ఆ వానలు వెళ్లేసరికి పుండు మానింది. ఆ పాదాల మీదే ఆవిడ తర్వాత చాలా ఏళ్లు గోల్‌బజారు తిరిగి చేపలవాళ్ల ప్రాణాలు తీసింది. ఎలా మానిందంటే, పండుగ మరుసటి రోజు పొద్దున జరిగిన దానివల్ల.

సైరను కూసింది. పిల్లి వచ్చి గడప పక్కన కూర్చుంది. దానికి గిన్నె పెట్టి, అది తింటుంటే తోలు ఎత్తి, వేసేసి, గోకి లేచాను. చూస్తే అత్త కర్ర గోడకి ఆనించి, పీట లాక్కుని పిల్లి పక్కన కూర్చుంది. చీర కొంగు భుజం మీంచి తీసేసింది. ఆసుపత్రి చీటీ, మందు సీసా నా ముందు పెట్టింది.

"ముందు తిండెట్టు. అది తిన్నాకే కదా ఏస్తావు," అంది.

రొట్టెలూ బీరకాయ కూరా పెట్టాను. ఆవిడ సూది మరగబెట్టాను. మొన పాతదే అయినా, మా ఆయన ఎప్పుడో మాట చెప్పకుండా అదీ పదును పెట్టి ఉంచాడు. సిరంజి గుప్పిట్లో వెచ్చబెట్టుకున్నాను. అత్త కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, ఆ పళ్లతోనే రొట్టె నములుతోంది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది. ఊరికే ఉంచాను. గోకాను. రెండో రొట్టెలోకి వచ్చేసరికి భుజం మెత్తబడింది.

"ఇంకా ఎయ్యవేటే గుంటా, రొట్టి అయిపోతంది," అంది కళ్లు తెరవకుండానే.

నేను అప్పటికే సూది కడుగుతున్నాను.